విత్తొకటి వేస్తే తీగొకటి

“విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?” అని సామెత. క్లెమాటిస్ అనే పూల తీగ పెంచేవాళ్లని అడిగితే, ఎందుకు మొలవదూ, నిక్షేపంగా మొలుస్తుంది అంటారు. అరచేతంత ఊదా పూలు పూసే ఒక హైబ్రిడ్ తీగ నుంచి ఒకప్పుడు గింజలు తీసి నాటాను. పందొమ్మిది నెలలకి రెండు మొలకలొచ్చాయి. అవి పెరిగి పూత పట్టేసరికి మరో మూడేళ్లు. ఒకదాని పువ్వు ఎండకి వెలిసిన పాత గుడ్డ రంగులో ఉంది. రెండోదానికి రంగు ఫరవాలేదు గానీ, రేకులు ఒకదానితో ఒకటి మాటల్లేనట్టు తలో దిక్కుకి తిరిగి ఉన్నాయి. తల్లి పోలిక మచ్చుకైనా లేదు. దాదాపు ఐదేళ్లు కళ్లు కాయలు కాచేలా చూసి, చివరికి రెండింటినీ పీకేశాను.

ఆ ఐదేళ్లలోనే, పక్క కుండీలో వేసిన క్లెమాటిస్ టాంగుటికా అనే మూల జాతి ఏ హడావుడీ లేకుండా నాలుగు వారాల్లో మొలిచింది. రెండో ఏడాదికల్లా పసుప్పచ్చ లాంతర్లు వేలాడదీసింది. ఆ రెండు కుండీలకీ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే నాకొక అభిప్రాయం స్థిరపడింది. ఇంటి తోటలో క్లెమాటిస్‌ని గింజ నుంచి పెంచాలనుకుంటే మూల జాతుల్నే పెంచాలి. అదైనా, మొక్క ఊరికే వస్తుందనో తల్లిని పోలిన పిల్ల వస్తుందనో పెంచితే నిరాశే. ఏ రెండు మొక్కలూ ఒకేలా రావు, అందుకని పెంచాలి. మొదటి మాటకి తలూపినవాళ్లు కూడా ఈ రెండో మాట దగ్గర నాతో వాదనకి దిగుతారు.

మూల జాతి అంటే మనిషి చెయ్యి పడకముందు నుంచీ అడవిలో, గుట్టల్లో తనంతట తాను బతుకుతున్న మొక్క. క్లెమాటిస్ ప్రజాతిలో ఇలాంటివి దాదాపు 300 ఉన్నాయి. హిమాలయాల నుంచి వచ్చిన మోంటానా వసంతంలో గోడంతా తెల్లగానో లేత గులాబీగానో కప్పేస్తుంది. దక్షిణ యూరప్ విటిసెల్లా తల వంచుకుని ఊదా గంటలు పూస్తుంది. టెక్సస్ సున్నపురాయి నేలల్లో టెక్సెన్సిస్ ఉంది, ఎర్రటి చిన్న కూజాల్లాంటి పూలతో. తీగజాతిలో పుట్టి ఎక్కడికీ పాకని ఇంటెగ్రిఫోలియా ఉంది, మోకాలెత్తు నిలబడి నీలం గంటలు ఊపుకుంటూ. మధ్యధరా తీరాల సిర్రోసా అయితే అందరూ నిద్రపోయే చలికాలంలో పూస్తుంది.

నేను పైన రేకులు అని రాసేశాను గానీ, క్లెమాటిస్‌కి అసలు ఆకర్షణ పత్రాలే లేవు. మనం రేకులనుకుని మురిసిపోయేవి రక్షక పత్రాలు. పూవుకి కాపలా కాయాల్సినవే రంగులద్దుకుని ముందుకొచ్చి నిలబడ్డాయి. అలవాటు కొద్దీ ఇకముందు కూడా రేకులనే అంటాను.

మనకి నర్సరీల్లో కనబడే పెద్ద పూల రకాల కథ వేరు. 1858లో ఇంగ్లండ్‌లోని వోకింగ్ దగ్గర జాక్‌మన్ నర్సరీ వాళ్లు చైనా నుంచి వచ్చిన లానుగినోసాని విటిసెల్లా తోనూ, విటిసెల్లా రక్తం ఉన్న మరో మొక్కతోనూ కలిపారు. అందులోంచి వచ్చిన జాక్‌మానీ 1862లో పూసింది. ఆ ముదురు ఊదారంగు చూశాక మిగతా నర్సరీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడున్న వందలాది పేర్లలో చాలావాటి వెనక ఇలాంటి కలయికలే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. వాటిని గింజతో పెంచరు. కొమ్మ కత్తిరించి వేరు పట్టిస్తారు. అంటే మీ పెరట్లో జాక్‌మానీ ఉంటే, అది ఆనాటి మొక్కకి కూతురో మనవరాలో కాదు, ఆ మొక్క తాలూకు ముక్కే. నూట అరవై ఏళ్లుగా ఒకే మొక్క ముక్కలు ముక్కలుగా బతుకుతోంది.

అలాంటి మొక్క గింజ కట్టినప్పుడు, ఇన్నాళ్లూ లోపల బిగబట్టి దాచుకున్న తాతముత్తాతలంతా ఒక్కసారిగా బయటపడతారు. పేక కలిపి పంచినట్టే, ఏ ముక్క ఎవరికి పడుతుందో తెలీదు. ఎక్కువసార్లు పడేది పనికిరాని ముక్క. నా పాత గుడ్డ రంగు పువ్వు అలా వచ్చిందే.

ఇక్కడొక మనిషి గురించి చెప్పకపోతే వాదన ఏకపక్షం అవుతుంది. స్టెఫాన్ ఫ్రాంచాక్ అని పోలండ్ రాజధాని వార్సాలో, జెసూట్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన ఒక సన్యాసి. 1917లో పుట్టి 2009లో పోయాడు. మఠం తోటలో క్లెమాటిస్ గింజలు నాటి నాటి, ప్రపంచం మెచ్చిన రకాలు ఎన్నో తీశాడు. ‘పోలిష్ స్పిరిట్’, ‘బ్లూ ఏంజెల్’ పేర్లు క్లెమాటిస్ పెంచే ప్రతివాళ్లకీ తెలుసు. ఆయన్ని చూపించి, హైబ్రిడ్ గింజలతోనూ అద్భుతాలు జరుగుతాయి కదా అంటారు. జరుగుతాయి. కానీ ఆయనకి మఠం తోట ఉంది, దశాబ్దాల సమయం ఉంది, నచ్చనిదాన్ని నిర్మొహమాటంగా తీసేసే కన్ను ఉంది. నాకున్నది గోడ పక్కన నాలుగడుగుల మట్టి, ఒక వరండా. లాటరీ ఆడాలంటే బోలెడన్ని టికెట్లు కొనగలగాలి. రెండు టికెట్లు కొని ఐదేళ్లు కూర్చున్నవాడి అనుభవం పైన చెప్పానుగా.

మరి మూల జాతి గింజ నాటితే తల్లి అచ్చంగా దిగిపోతుందా? తోటపని పుస్తకాలు, గింజల పొట్లాలు అలానే చెప్తాయి. అచ్చంగా దిగదు. దిగకపోవడమే అందులో అందం. ఒకే విటిసెల్లా కాయల నుంచి తీసిన గింజలతో పద్నాలుగు మొక్కలు పెంచాను. పద్నాలుగూ విటిసెల్లాలే, ఎవరు చూసినా చెప్పేస్తారు. అదే నాలుగు రేకులు, అదే సన్నటి తొడిమ, అదే తలవంపు. కానీ ఒకటి మిగతావాటికంటే మూడు వారాలు ముందు పూసేది. ఒకదాని రేకుల అంచులు వెనక్కి చుట్టుకునేవి. ఒకటి నీలానికి దగ్గరగా, మరొకటి ఎరుపుకి దగ్గరగా ఉండేది. ఇంకొకటి పూలు తక్కువైనా ఆకు ఎంత పచ్చగా, ఎంత నిండుగా ఉండేదంటే, దానికోసమే దాన్ని ఉంచుకున్నాను. ఒక ఇంటి అన్నదమ్ముల పిల్లల్ని వరసగా నిలబెట్టి చూసినట్టు ఉంటుంది. ముక్కు అందరిదీ తాతదే, నవ్వు మాత్రం ఎవరిది వాళ్లది.

కొమ్మతో పెంచిన మొక్కల్లో ఇది చూడలేం. ఒకే రకం పది మొక్కలు వరసగా నాటినా మనం చూసేది ఒక్క మొక్కనే, పదిసార్లు. ఒక జాతి ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ జాతి మనుషుల్ని కొందరినైనా కలవాలి. ఒక్కరి ఫొటోకి పది కాపీలు తీయించుకుంటే సరిపోతుందా?

ఈ తేడా గుర్తించకపోతే ఏమవుతుందో ‘బిల్ మెకంజీ’ అనే పసుపు క్లెమాటిస్ చరిత్ర చెప్తుంది. 1968లో ఇంగ్లండ్‌లోని వాటర్‌పెర్రీ తోటలో తనంతట మొలిచిన ఒక మొక్క అది. పెద్ద పూలు, పొడుగు పూతకాలం. మంచి పేరొచ్చింది. పేరు రాగానే కొందరు దాని గింజలు నాటి, వచ్చిన మొక్కల్ని కూడా అదే పేరుతో అమ్మారు. అవి టాంగుటికా గుంపులో సర్వసాధారణమైన పసుపు తీగలు, కొన్ని మరీ నాసి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే మాటవరసకి అంటాం, ఇక్కడ అక్షరాలా అదే జరిగింది. తప్పు గింజదా? కాదు. గింజ తన పని తాను చేసింది. పేరు మాత్రం ఆ ఒక్క మొక్కదే, దాని సంతానానిది కాదు. గింజ నుంచి పెంచిన మొక్కకి తల్లి పేరు పెట్టడం మోసం, జాతి పేరు పెట్టడం న్యాయం. నేను లేబుల్ మీద జాతి పేరు, గింజ తీసిన మొక్క ఏదో, నాటిన తేదీ రాస్తాను. అంతకుమించి ఒక్క అక్షరం రాయను.

జాతి పేరైనా నమ్మకంగా రాయాలంటే తేనెటీగల సంగతి చూసుకోవాలి. విటిసెల్లా పక్కనే పెద్ద పూల హైబ్రిడ్ ఉంటే, గింజలో ఎవరి రక్తముందో తేనెటీగకే తెలియాలి. మోంటానా దూరపు చుట్టం గనక ఆ హైబ్రిడ్లతో కలవదు, ఇంకో మోంటానా రకం పక్కన లేకపోతే చాలు. నాకు కావలసిన పూలకి మొగ్గ దశలోనే పల్చటి వలగుడ్డ సంచి కట్టి, విచ్చాక అదే జాతి రెండో మొక్క పుప్పొడిని మెత్తటి కుంచెతో అద్ది, మళ్లీ సంచి కట్టేస్తాను. పది నిమిషాల పని. దీనికి ఓపిక లేనప్పుడు లేబుల్ మీద ప్రశ్నార్థకం పెట్టుకుంటాను. నా కుండీల్లో ప్రశ్నార్థకాలకి కొదవ లేదు.

గింజలు ఎప్పుడు కోయాలన్నది తీగే చెప్తుంది. పువ్వు రాలాక మధ్యలో ఉన్న కీలాలు పొడుగు సాగి, వెండి దారాల ముద్దలా చుట్టుకుంటాయి. ఒక్కో దారానికి మొదట్లో ఒక్కో గింజ. వెండి మెరుపు పోయి, దూదిలా విచ్చుకుని, గింజ గోధుమరంగుకి తిరిగాక మెల్లగా లాగితే చేతికి రావాలి. రాలేదంటే ఇంకా టైముంది. ఆ తోక గాలికి ఎగరడానికి. మన కుండీలో గింజ ఎక్కడికీ ఎగరక్కర్లేదు గనక నేను కత్తిరించేస్తాను. ఉంచినా మొలుస్తుంది, తడికి బూజు పడుతుందని నా భయం. గింజలు నలిపేటప్పుడు తొడుగులు వేసుకోండి. క్లెమాటిస్ పసరు కొందరి చర్మాన్ని మండిస్తుంది. యూరప్‌లో విటాల్బా అనే జాతి పసరుని బిచ్చగాళ్లు కావాలనే ఒంటికి రాసుకుని పుళ్లు తెప్పించుకునేవాళ్లట, చూసినవాళ్లు జాలిపడాలని. ఫ్రెంచివాళ్లు దాన్ని బిచ్చగాళ్ల మొక్క అనే పిలుస్తారు.

నాటడం చాలా తేలిక. నీళ్లు నిలవని మట్టి, అంటే ఆకు ఎరువు, కోకోపీట్, ముతక ఇసుక కలిపింది. కొంచెం లోతున్న కుండీ. గింజలు పరిచి, పైన మూడు మిల్లీమీటర్ల మట్టి, దాని మీద సన్న గులకరాళ్ల పొర. ఆ గులకరాళ్ల సంగతి ఎవరూ నొక్కి చెప్పరు గానీ, కుండీ ఏడాదిపాటు తడిగా ఉండబోతోందంటే పైన నాచు పట్టకుండా కాపాడేది అవే. నీడలో పెట్టి, ఎండిపోకుండా, నానిపోకుండా చూసుకోవాలి. ఇంతే.

అసలు కష్టం ఇక్కడి నుంచి. కుండీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది.

ఈ కుటుంబపు మొక్కల్లో గింజ తల్లిని విడిచి రాలేనాటికి లోపలి పిండం పూర్తిగా ఎదిగి ఉండదు. చుట్టూ ఆహారం నిండా ఉంటుంది, మధ్యలో పిండం మాత్రం చిటికెడు. తేమ తగిలాక అది గింజ లోపలే కొన్నాళ్లు పెరగాలి. ఆ పైన చాలా జాతులకి చలి తాకిడి కూడా కావాలి, మొలిచే ముందు ఒక శీతాకాలం దాటాలని వాటి ఒంట్లో రాసి ఉంటుంది. శరదృతువులో రాలి, అప్పటికప్పుడే మొలిచి, మంచులో చచ్చిపోకుండా ఉండటానికి ఏర్పాటు అది. టాంగుటికా లాంటి చిన్న గింజలవాటికి ఈ పట్టింపులు తక్కువ, వారాల్లో వచ్చేస్తాయి. ఆల్పినా, మాక్రోపెటాలా ఒక చలికాలం గడిచాక వసంతంలో వస్తాయి. విటిసెల్లా ఆరు నెలల నుంచి ఏడాది దాకా తీసుకుంటుంది. టెక్సెన్సిస్, వియోర్నా లాంటి పెద్ద గింజల అమెరికా జాతులు ఏడాది దాటినా ఆశ్చర్యపడక్కర్లేదు. పెద్ద పూల హైబ్రిడ్లకి ఒక్కోసారి మూడేళ్లు. ఒకే కుండీలోని గింజలన్నీ ఒకేసారి రావాలన్న నియమం కూడా లేదు. ఈ వసంతంలో రెండు, వచ్చే వసంతంలో నాలుగు, ఆ పై ఏడాది ఒకటి. అడవిలో ఒక ఏడు వానలు మొహం చాటేస్తే, ముందు మొలిచినవి ఎండిపోయినా మట్టిలో ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. గింజ దాచుకున్న ముందుచూపే మనకి బద్ధకంలా కనిపిస్తుంది.

ఈ బద్ధకాన్ని వదిలించే చిట్కాలకి లెక్కే లేదు. వేడినీళ్లలో నానబెట్టు, ఉప్పుకాగితంతో రుద్దు, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచు, హార్మోను కలుపు. కొన్నాళ్లు నేనూ చేశాను. మంత్రాలకు చింతకాయలు రాలవు. నానబెట్టిన కుండీకీ నానబెట్టని కుండీకీ నేను చూసిన తేడా ఏమిటంటే, నానబెట్టిన కుండీ దగ్గరికి నేను రోజుకి రెండుసార్లు వెళ్లి చూసేవాణ్ని. మీ చలికాలం గింజకి చాలినంత చల్లగా ఉండకపోతే మాత్రం ఫ్రిజ్ వాడటంలో తప్పులేదు. తడి చేసి పిండిన కోకోపీట్‌లో గింజలు కలిపి, జిప్ కవర్లో వేసి, నాలుగైదు డిగ్రీల చలిలో ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. పెద్ద గింజలైతే ఫ్రిజ్‌లో పెట్టేముందు రెండు మూడు నెలలు ఇంట్లోనే వెచ్చగా తడిగా ఉంచడం మంచిది, లోపలి పిండం ఎదగడానికి. ఇదేం చిట్కా కాదు, గింజకి తెలిసిన రుతువుల్ని గింజకి చూపించడమే.

ఈ కాలమంతా ఇంట్లోవాళ్లకి మనం పిచ్చివాళ్లలా కనిపిస్తాం. మా అక్క ఒకసారి వచ్చి వరండాలో నిలబడి చాలాసేపు చూసింది. “ఒరేయ్, ఖాళీ కుండీలకి నీళ్లు పోస్తున్నావేంట్రా?”

“ఖాళీ కాదక్కా, గింజలున్నాయి.”

“ఎప్పుడు వేశావు?”

“పోయినేడు.”

ఆవిడ ఇంకేం అనలేదు. ఆ అనకపోవడమే నాకు గుచ్చుకుంది. ఆ వారంలోనే ఎనిమిది నెలలుగా ఉలుకూ పలుకూ లేని ఒక ఇంటెగ్రిఫోలియా కుండీని తీసి, మట్టిని గులాబీ మొక్క మొదట్లో గుమ్మరించాను. తర్వాతి వసంతంలో ఆ గులాబీ కింద ఏవో జంట ఆకుల మొలకలు, ఒక్కచోటే ఐదు. కలుపనుకుని మూడు పీకాను. నాలుగోదాన్ని పట్టుకున్నప్పుడు ఆకుల అమరిక చూసి చెయ్యి ఆగింది. మిగిలిన రెండూ ఇప్పటికీ ఆ గులాబీ కిందే ఉన్నాయి. అక్కడి నుంచి తీస్తే వేరు తెగుతుందేమోనన్న భయంతో కదపలేదు. గులాబీకి నీలం గంటల పావడా కట్టినట్టుంది, చూసినవాళ్లు కావాలనే నాటాననుకుని మెచ్చుకుంటారు. నేను కాదనను.

అందుకే క్లెమాటిస్ గింజలు మొలవవు అనేవాళ్ల మాట నేను నమ్మను. ఎన్నాళ్లకి పారేశారు అని అడుగుతాను. నాలుగు నెలలు, ఆరు నెలలు అంటారు. ఇందులో వాళ్ల తప్పు కంటే పొట్లాల తప్పే ఎక్కువ. నేను కొన్న ఒక పొట్లం మీద 30 రోజుల్లో మొలుస్తుందని ఉంది, లోపల ఉన్నది పెద్ద గింజల జాతి. 30 రోజులు అని చదివినవాడు 60 రోజులు ఆగుతాడు, మహా అయితే 90. మూడేళ్లు పట్టొచ్చు అని నిజం రాస్తే పొట్లాలు అమ్ముడుపోవని భయం కాబోలు. కానీ ఆ నిజం తెలిసి కొన్నవాడే మళ్లీ కొంటాడు. తెలీక కొన్నవాడు మట్టి పారబోసి, తన హస్తవాసి మంచిది కాదనుకుని, మళ్లీ గింజ జోలికే రాడు.

మొలిచాక కూడా ఒక మెలిక ఉంది. టాంగుటికా లాంటి జాతుల్లో రెండు బీజదళాలు పైకొచ్చి విచ్చుకుంటాయి, మొలక అని చూడగానే తెలిసిపోతుంది. పెద్ద గింజల జాతులు కొన్నిటిలో బీజదళాలు మట్టిలోనే గింజ పెంకులోనే ఉండిపోతాయి. ముందు వేరు దిగుతుంది, తర్వాత ఎప్పటికో ఒక సన్నటి కాడ, దానికి అంటీ అంటనట్టు చిన్న ఆకులు పైకొస్తాయి. చూస్తే అచ్చం గడ్డీగాదం లాగే ఉంటుంది. పదిహేను నెలలు కాపలా కాసిన టెక్సెన్సిస్ కుండీలో మొట్టమొదట వచ్చిన మొలకని నా చేత్తో నేనే పీకేశాను. వేరు చివర పెంకు వేలాడుతూ కనిపించింది. వెనక్కి పెట్టి నీళ్లు పోశాను గానీ బతకలేదు.

మొలకలు నాలుగాకులు వేశాక విడివిడిగా లోతైన కుండీల్లోకి మార్చాలి. రెండు మూడు జతల ఆకులు రాగానే చివర గిల్లేస్తే మొదట్లోంచి కొమ్మలేస్తుంది. గిల్లకపోతే ఒంటి కాడగా ఆకాశంలోకి పోతుంది. నత్తలకి ఈ లేత కాడలంటే ప్రాణం, ఒక్క రాత్రిలో ఏడాది పని మాయమవుతుంది. పుల్ల ఒకటి పక్కన గుచ్చండి. క్లెమాటిస్‌కి నులితీగలుండవు, ఆకు తొడిమతోనే పట్టుకుంటుంది. డార్విన్ ఈ తొడిమల్ని సన్న పుల్లతో రుద్దుతూ, ఎటు రుద్దితే అటు వంగడం చూస్తూ గడిపాడు. 1865లో ఎగబాకే మొక్కల మీద ఆయన అచ్చు వేయించిన పరిశీలనల్లో క్లెమాటిస్‌లకి పెద్ద చోటే ఉంది. పుల్లని పట్టుకున్న తొడిమ కొన్నాళ్లకి లావెక్కి కట్టెలా గట్టిపడుతుంది, పట్టుకోనిది సన్నగా అలాగే ఉండిపోతుంది. మీ కుండీలో కూడా చూడొచ్చు. వేలంత లావు కొయ్య పెడితే తొడిమకి చుట్టడం చేతకాదు, సన్న పుల్లే కావాలి.

ఇంత తిప్పలు దేనికి, నర్సరీలో మొక్క కొనుక్కోవచ్చుగా అన్నది న్యాయమైన ప్రశ్న. ఫలానా రంగు, ఫలానా ఎత్తు కావాలనుకుంటే కొనుక్కోవడమే సరైన పని, అక్కడ నాకు వాదన లేదు. కానీ మూల జాతులు చాలావరకు నర్సరీల్లో దొరకవు. అమ్మకానికి పనికొచ్చే పెద్ద పూలు వాటికి లేవు మరి. అవి చేతులు మారేది ఎక్కువగా గింజల రూపంలో, పెంచేవాళ్ల మధ్య. 1984లో మొదలైన అంతర్జాతీయ క్లెమాటిస్ సంఘం లాంటివి సభ్యుల మధ్య గింజల మార్పిడి నడుపుతాయి. తట్టుకునే శక్తి సంగతి కూడా ఉంది. పచ్చగా ఉన్న తీగ రాత్రికి రాత్రి నల్లబడి వాలిపోయే విల్ట్ అనే శిలీంద్ర తెగులు పెద్ద పూల హైబ్రిడ్లని పట్టినంతగా చిన్న పూల మూల జాతుల్ని పట్టదు. నా హైబ్రిడ్లు మూడు అలా వాలిపోయాయి. గింజ నుంచి వచ్చినవాటిలో ఒక్కటీ పోలేదు.

ఇక న్యూజీలాండ్ పానిక్యులాటా చూడండి. అందులో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. మగ పూలు కాస్త పెద్దవి గనక కొమ్మతో పెంచేవాళ్లు మగదాన్నే ఎంచుకోవడం సహజం. అలాంటి మొక్క ఎన్నేళ్లు పెంచినా దూది కాయలు రావు. గింజలు గుప్పెడు నాటితే ఆడా మగా రెండూ వస్తాయి, ఏది ఏదో పూసేదాకా తెలీదు. ఆ జాతి నిండు జీవితం, పువ్వు నుంచి ఎగిరే గింజ దాకా, మన తోటలో నడవాలంటే గింజ తప్ప దారి లేదు.

నా వాదనకి నాకే ఇబ్బందిగా ఉండే వైపు ఒకటుంది. గింజ నుంచి తేలికగా పెరిగేది గోడ దాటి కూడా తేలికగానే పెరుగుతుంది. విటాల్బా యూరప్ పొలాల కంచెల మీద ముసలాయన గడ్డంలా తెల్లగా వేలాడుతుంటే చూడ్డానికి బాగుంటుంది. బాటసారులకి ముచ్చటగా ఉంటుందని 1597లో జాన్ జెరార్డ్ అనే ఇంగ్లిష్ మూలికల పుస్తక రచయిత దానికి ‘ట్రావెలర్స్ జాయ్’ అని పేరు పెట్టాడు. అదే మొక్క న్యూజీలాండ్ చేరి అక్కడి అడవి చెట్ల మీద దుప్పటిలా పరుచుకుని, వెలుతురు అందకుండా వాటిని చంపుతోంది. అమెరికాలో తూర్పున టెర్నిఫ్లోరా, కొలరాడోలో పసుపు పూల ఓరియంటాలిస్ కలుపు జాబితాకెక్కాయి. కాబట్టి నాటే ముందు ఆ జాతి మీరున్న చోట ఏం చేస్తోందో తెలుసుకోవాలి. తెలుసుకున్నాక, వద్దనిపిస్తే ఎంత ముద్దొచ్చినా మానుకోవాలి. నా టాంగుటికా కాయల్ని దూదిగా విచ్చకముందే కోసేస్తాను. ఆ వెండి గుత్తులు చలికాలమంతా తీగ మీద ఉంటే ఎంత బాగుంటాయో తెలుసు. అయినా కోసేస్తాను, ఎందుకంటే ఒక ఏడాది కోయనందుకు పక్కింటి కాలిబాట రాళ్ల సందుల్లోంచి మొలకలు ఏరాల్సి వచ్చింది.

ఏరడమంటే గుర్తొచ్చింది, పద్నాలుగు విటిసెల్లాల్లో నేను ఉంచుకున్నది నాలుగు. ఆరు పంచిపెట్టాను. నాలుగు తీసేశాను. అవి జబ్బు మొక్కలు కాదు, ఉన్న చోటు చాలలేదు, అంతే. గింజలతో పెంచమని ఉత్సాహంగా చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. కొన్న మొక్క ఒకటే గనక దాన్ని బతికించడమే మన పని. గింజ నాటినవాడికి కొన్నిటిని వదులుకునే పని కూడా పడుతుంది, అది అలవాటయ్యే పని కాదు. రంగు తక్కువైందని ఒకదాన్ని తీసేసిన మర్నాడు, దాని పందిరి పుల్ల మీద గట్టిపడిన తొడిమ ఒకటి ఇంకా చుట్టుకునే ఉంది.

ప్రస్తుతం వరండాలో ఆరు ఖాళీ కుండీలున్నాయి. క్రిస్పా అనే జాతి కుండీకి ఇది రెండో వసంతం. గత నెల అందులోంచి సన్నటి కాడ ఒకటి లేచింది, బీజదళాలు లేవు, ఆకులు చిన్నవి. టెక్సెన్సిస్ పాఠం గుర్తుంది గనక ముట్టుకోలేదు. పుల్ల గుచ్చాను, చుట్టూ నత్తలకి అడ్డుగా ముతక ఇసుక పోశాను, అక్కకి ఫొటో పంపాను. “ఎట్టకేలకు వచ్చిందన్నమాట” అంది. మూడు వారాలకి అది ఎత్తుగా పెరిగి, తెల్లటి చిన్న పువ్వు పూసింది. కలుపు మొక్క. పీకుదామని వంగి, కింద గింజలేమైనా కదులుతాయేమోనని కత్తెరతో మొదలు దాకా కత్తిరించి ఊరుకున్నాను. అక్కకి ఇంకా చెప్పలేదు.